మేడమ్‌గారి సమక్షంలో

మా అమ్మాయి పనిచేసే చోట మేడమ్ అని ఒకావిడ ఉందని నేను ఏడాదిగా నమ్ముతూ వచ్చాను. ఫోన్ చేస్తే చాలు, ఆవిడ సంగతే. మేడమ్ ఇవాళ బయటికి రాలేదట. మేడమ్ నిన్న బాగా తిని పడుకుందట, ఇంక వారం దాకా లేవదట. మేడమ్ పొద వదిలి కదలట్లేదట, ఒంట్లో బాగాలేదేమోనట. పొద అంటే వాళ్ళ గెస్ట్‌హౌస్ పేరేమో అనుకున్నాను. పైఅధికారిని మంచి చేసుకుంటే పిల్లకే మేలు కదా అని, చలి మొదలవుతోంది కదా అని, నా చేతులతో ఊలు మేజోళ్ళ జత అల్లి మేడమ్‌కి ఇమ్మని అమ్మాయి చేతిలో పెట్టాను. అది వాటిని చూసి, "అమ్మా, మేడమ్‌కి..." అని ఏదో అనబోయింది. సైజు గురించి బెంగపడకు, సాగుతాయి అన్నాను. తీసుకుని వెళ్ళిపోయింది.

మేడమ్‌కి కాళ్ళు లేవని నాకు తెలిసింది ఈ మధ్యనే. మేడమ్ రక్తపింజర.

ఆ ముక్క నోటితో చెప్పలేక మా అమ్మాయి ఫొటో పంపింది. ఎండుటాకుల కుప్ప ఫొటో. మీ దగ్గర ఊడ్చేవాళ్ళే లేరా అని అడిగాను. మళ్ళీ చూడమంది. కళ్ళజోడు తుడుచుకుని చూస్తే ఆకుల మధ్యలోంచి మేడమ్‌గారు నన్నే చూస్తున్నారు.

దాని ఉద్యోగం ఏమిటో అప్పుడు కూలంకషంగా తెలిసింది. పామును పట్టి, మత్తిచ్చి, ఒంట్లో చిటికెనవేలి కణుపంత యంత్రం పెట్టి కుట్టేసి, పట్టిన చోటే వదిలేస్తారట. ఆ యంత్రం టిక్కు టిక్కుమని సిగ్నలిస్తుంటే, మా అమ్మాయి యాంటెన్నా పట్టుకుని గుట్టలెక్కి, దాన్ని వెతుక్కుని, దూరంగా కూర్చుని అదేం చేస్తోందో చూడాలట. అదేం చేస్తుంది? ఏమీ చెయ్యదు. రోజంతా పడుకుంటుంది. మా ఆయన ఆదివారాలు చేసేదీ ఆ పనే. ఆయన్ని చూస్తూ కూర్చున్నందుకు నాకెవరూ జీతమివ్వలేదు.

నా ఉద్యోగం గురించి కూడా చెప్పాలి. బస్‌స్టేషన్‌లో ఎంక్వైరీ కిటికీ వెనక కూర్చుంటాను. కిటికీ ముందు లైను ఎప్పుడూ ఉంటుంది. వచ్చినవాళ్ళు కథ మొదలుపెడతారు, మా బావమరిదికి ఒంట్లో బాగాలేదండీ, అందుకని పెందలాడే బయల్దేరామండీ అని. ఆ బావమరిది కోలుకునేలోగా బస్సు వెళ్ళిపోతుంది. అందుకే వాళ్ళు నోరు తెరవగానే చేతిలో సంచీ, మొహంలో కంగారూ చూసి ఏ ఊరో పోల్చుకుని ప్లాట్‌ఫారం చెప్పేస్తాను. తప్పడం తక్కువ. సగం మాట విని మొత్తం జవాబు చెప్పగల మనిషిని నన్నొక్కదాన్నే చూశానని మా మేనేజరు ఓసారి మైకులో మెచ్చుకున్నాడు కూడా. అలవాటన్నది కిటికీ దగ్గర ఆగిపోదు కదా, మనతోపాటు ఇంటికీ వస్తుంది.

ఇంతలో మా తమ్ముడి ఇన్సూరెన్స్ ఆఫీసులో ఒక కుర్చీ ఖాళీ అయింది. నీడపట్టున పని, నెత్తిమీద ఫ్యాను, కాళ్ళ దగ్గర చెత్తబుట్ట తప్ప ఇంకేమీ ఉండదు. మేనకోడలి కోసం ఆ కుర్చీ ఆపి ఉంచుతానన్నాడు, కానీ శుక్రవారం సాయంత్రానికి అవునో కాదో చెప్పాలన్నాడు. దాన్ని వెంటబెట్టుకుని గానీ తిరిగి రానని మా ఆయనతో చెప్పి బస్సెక్కాను. ఆయన "ఊ" అన్నాడు.

మా అమ్మాయి నాకు ఎన్నడూ ఎదురు చెప్పింది కాదు. ఈసారి మాత్రం ఒక షరతు పెట్టింది. శుక్రవారం పొద్దుట్నించీ తనతో గుట్ట మీదికి రావాలి, తను చేసే పని చూడాలి. సాయంత్రం నేనేం చెబితే అది చేస్తుంది, రమ్మంటే పెట్టె సర్దుకుని వచ్చేస్తుంది. అది మాటంటే మాటే, చిన్నప్పట్నించీ అంతే. సంబరపడ్డాను. పాముని చూసి వచ్చాక నా మనసు మారడమన్నది జరిగే పని కాదు.

గుట్టల కింద రెండు గదుల క్వార్టర్సులో ఉంటోంది అది. ఒక గది నిండా వైర్లు, బ్యాటరీలు, గోడకి వేలాడే కొక్కేల కర్రలు. రెండో గదిలో మంచం, స్టవ్వు. మంచం కింద చూస్తే నేను అల్లిన మేజోళ్ళు కనిపించాయి, మడమ దగ్గర అరిగిపోయి ఉన్నాయి. మేడమ్‌కి ఇమ్మన్నవి నువ్వెందుకు తొడుక్కున్నావే అని అడగబోయి ఊరుకున్నాను. దాని తోటి ఉద్యోగి ఒకడున్నాడు, మనిషి పొడవు, అందరూ నిచ్చెన అంటారు. అతను చూసే పాము పేరు హెడ్‌మాస్టారట, అవతలి గుట్ట మీద ఉంటాడట. మా అమ్మాయికీ నిచ్చెనకీ ఏమైనా ఉందా అని పొద్దున్న టీ తాగుతూ నా పద్ధతిలో ఆరా తీశాను. అతను హెడ్‌మాస్టారు కుబుసం విడిచిన సంగతి అరగంట చెప్పాడు. ఏమీ లేదని తేలిపోయింది.

ఎండ ఎక్కకముందే బయల్దేరాం. నాకు మోకాళ్ళ దాకా వచ్చే బూట్లిచ్చింది, కర్ర ఇచ్చింది. చెయ్యకూడనివన్నీ చెప్పింది. చూడని చోట కాలు పెట్టకూడదు, చూడని చోట చెయ్యి పెట్టకూడదు, మేడమ్‌ని తాకకూడదు, అదిలించకూడదు, ఆవిడ దారికి అడ్డం రాకూడదు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్నమాట అన్నాను. కర్ర విరిగినా పర్లేదమ్మా, అంది.

యాంటెన్నా అంటే ఏమో అనుకున్నాను, పాతకాలం ఇళ్ళ మీద ఉండేదాన్ని ఊడబెరికి చేతికిచ్చినట్టుంది. మెడలో రిసీవరు. ఎటు తిప్పితే టిక్కు టిక్కుమన్న చప్పుడు గట్టిగా వస్తుందో అటు నడవాలి. దారి పొడుగునా నేను మా తమ్ముడి ఆఫీసు గురించి చెబుతూనే ఉన్నాను. క్యాంటీను ఉంది, సెలవులున్నాయి, కిటికీ పక్క కుర్చీ. మా అమ్మాయి రెండు మూడుసార్లు "అమ్మా, అసలు నేను..." అంది. సామాను సంగతేగా, లారీలో వేయిద్దాం అన్నాను.

గుట్ట మెడ దగ్గరికి వచ్చేసరికి యంత్రం తిక్క చేసింది. ఎటు తిప్పినా ఒకటే చప్పుడు. బండలకి తగిలి సిగ్నలు అన్ని వైపుల నుంచీ తిరిగొస్తోందని, మేడమ్ గుట్టకి అవతల ఉండొచ్చని, తను ఒక చుట్టు తిరిగి చూసి వస్తానని అంది. అప్పటికి నా మోకాళ్ళు నా మాట వినడం మానేశాయి. ఎదురుగా బల్లపరుపు బండ, దాని మీద సగం నీడ. ఇక్కడే ఉండమ్మా, ఎక్కడికీ వెళ్ళకు అని, నా చేతిసంచీ కూడా తను తగిలించుకుని వెళ్ళింది. కూర్చున్నాను. చల్లగా, బస్‌స్టేషన్ బెంచీకంటే హాయిగా ఉంది.

అది చుట్టూ తిరుగుతోంది. బండల మధ్య ఒకచోట తల కనిపిస్తుంది, మాయమవుతుంది, ఇంకోచోట తేలుతుంది. విచిత్రమేమిటంటే ఎక్కడ తేలినా యాంటెన్నా నా వైపే ఉంటోంది. ప్రదక్షిణం చేస్తున్నట్టుంది. యంత్రం పాడైపోయిందే, ప్రభుత్వం సొమ్ము కాదు కదా అని అరిచాను. అది రిసీవరు మీద ఏదో మీట తగ్గించింది, మళ్ళీ తగ్గించింది, యాంటెన్నాని నా ఎడమ బూటు వైపు దించింది. దించి, అలాగే నిలబడిపోయింది.

పిల్లల మొహం చూసి వాళ్ళకి జ్వరమెంత ఉందో చెప్పగలను నేను. అలాంటి మొహం దానికి నేను ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా. కదలకు. మాట్లాడకు. ఒక్క మాట కూడా వద్దు," అంది మా అమ్మాయి.

ఎందుకే అందామని నోరు తెరుస్తూ కాలు అర అంగుళం జరిపాను. బండ అంచు కింది నుంచి ఒక చప్పుడు వచ్చింది. ప్రెషర్ కుక్కర్‌కి విజిల్ వచ్చే ముందు ఆవిరి పొంగుతుందే, అదీ చప్పుడు. మా ఇంట్లో ఆ చప్పుడు వింటే నేను వంటింట్లోకి పరిగెడతాను. ఇక్కడ పరిగెట్టడానికి వీల్లేదు. కళ్ళు మాత్రం కిందికి దించాను. నా బూటు పక్కన జానెడు దూరంలో ఎండుటాకుల కుప్ప. మేడమ్‌గారు ఇంట్లోనే ఉన్నారు. నేనే చెప్పాపెట్టకుండా వాళ్ళ ఇంటి కప్పు మీద కూర్చున్నాను.

పైప్రాణాలు పైనే పోయాయి. కానీ మా అమ్మాయి కంగారుపడలేదు, అది మాత్రం ఒప్పుకోవాలి. వాకీటాకీలో నిచ్చెనకి మెల్లగా చెప్పింది, కొక్కెం కర్ర తీసుకుని రమ్మని. అవతలి గుట్ట నుంచి రావాలి కాబట్టి ఆలస్యమవుతుందని నాతో అంది. ఆవిడ భయపడి నన్ను బెదిరిస్తోందే గానీ కోపం మీద లేదట. అక్కడున్నది చెట్టో రాయో అనుకునేలా నేను కూర్చుంటే కాటెయ్యదట. లేచానంటే సరిగ్గా ఆవిడ నోటి ముందే అడుగు పెట్టాల్సి వస్తుందట. చెప్పి, నాకు ఎదురుగా కాస్త దూరంలో నేల మీద కూర్చుంది. కుక్కిన పేనల్లే నేనూ కూర్చున్నాను.

నోట్లో మాట పెట్టుకుని కూర్చోవడమంటే ఏమిటో నాకు అంతవరకూ తెలియదు. భయం ఒక పక్క, తిట్లు ఒక పక్క. ఇలాంటి చోటికి తల్లిని తీసుకొస్తారా అని, ఇదేనా నీ ఉద్యోగమని, ఇప్పుడు సాయంత్రం దాకా కూడా అక్కర్లేదు, పెట్టె సర్దు అని, అన్నీ పళ్ళ వెనక బారులు తీరి నిలబడ్డాయి. ఒక్కటీ బయటికి రావడానికి లేదు.

నన్ను ధైర్యంగా ఉంచడానికి కాబోలు, అదే మాట్లాడటం మొదలుపెట్టింది. మొదట్లో ప్రతి వాక్యం సగంలో ఆపేది. ఆపి నా వైపు చూసేది. ఎందుకాపుతోందో నాకు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది. మిగతా సగం నేను అంటానని ఆగుతోంది. అంత అలవాటైపోయింది దానికి. నేను అనకపోయేసరికి దిక్కులు చూసి, మెల్లగా ఆ మిగతా సగం తనే అనేది.

మేడమ్ పాము అని మేజోళ్ళ రోజునే చెప్పబోయానంది. కాలేజీలో నేను చేర్పించిన కోర్సు వద్దని అప్లికేషన్ వేసే రోజున చెప్పబోతే, పెన్ను రాయట్లేదా, ఇదిగో అని వేరే పెన్ను ఇచ్చానట. చిన్నప్పుడు, "అమ్మా, నాకు స్కూలు బస్సులో..." అని రోజూ మొదలుపెట్టేదట. కిటికీ పక్కన కూర్చో, కడుపులో తిప్పదు అనేదాన్నట. సరేనని ఏడాదంతా కిటికీ పక్కనే కూర్చుందట. దాని జడ పట్టుకుని గుంజి ఏడిపించే పెద్దపిల్లలు సరిగ్గా ఆ వెనక సీట్లోనే కూర్చునేవాళ్ళట.

అది నాకు తెలియదు. తెలిసి ఉంటే ఆ బస్సుని నడిరోడ్డు మీద ఆపించి ఒక్కొక్కడి చెవీ మెలిపెట్టి ఉండేదాన్ని. ఆ మాట చెప్పాలని ఎంత అల్లాడిపోయానో నాకే తెలుసు. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోవడానికి చెయ్యెత్తే వీలు కూడా లేదు. పక్కన మేడమ్‌గారు తల ఆకుల మీద ఆనించి, అంతా తెలిసినదానిలా పడుకుని ఉన్నారు.

నా సంచీలో ఫోన్ మోగింది. సంచీ దాని ఒళ్ళో ఉంది కాబట్టి సరిపోయింది, నా ఒళ్ళో ఉంటే ఆ అదురుకి ఏమయ్యేదో. మా తమ్ముడు. అది మోగినంతసేపూ మోగనిచ్చి పక్కన పెట్టింది. పెట్టి, తల వంచుకుని, పుల్లతో మట్టి గీకుతూ అంది.

"నాకు రావాలని లేకపోవడానికి కారణం మామయ్య ఆఫీసు కాదమ్మా. మేడమ్ కూడా కాదు. అసలు కారణం ఏంటంటే..."

సరిగ్గా అప్పుడు బండల వెనక నుంచి నిచ్చెన ఊడిపడ్డాడు. భుజాన కొక్కెం కర్ర, చేతిలో టిఫిన్ క్యారేజీ. దూరంగానే ఆగి, మేడమ్‌ని ఒకసారి, నన్ను ఒకసారి చూసి, ఏం ఆంటీ, మొదటిరోజే ఇంత దగ్గరి దర్శనమా, మాకు ఏడాదిగా దొరకలేదు అని గట్టిగా పలకరించాడు. నేను పలకలేదు. బాగున్నారు కదా అన్నాడు. కనుగుడ్లు మాత్రం తిప్పాను. అతనికి కంగారు పుట్టింది, కాటు పడిందేమో, నోరు పడిపోయిందేమో అనుకున్నాడు పాపం.

"ఆంటీ, ఏమైనా మాట్లాడండి. మాట్లాడితే దానికేం కాదు. నేల అదిరితేనే దానికి తెలిసేది. కాళ్ళు కదపకూడదు, అంతే," అన్నాడు.

నేను మా అమ్మాయి వైపు చూశాను. మా అమ్మాయి యాంటెన్నా వైపు చూసింది. యాంటెన్నాలో చూడటానికి ఏమీ లేదు, అయినా చాలా శ్రద్ధగా చూసింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత కష్టపడి కని పెంచితే, తల్లిని పాము పక్కన కూర్చోబెట్టి, నోరు కట్టేసి, ఇష్టమొచ్చినవన్నీ వినిపిస్తుందా. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, లోకువ చేసింది నన్ను. పళ్ళ వెనక నిలబడ్డ లైనంతా ఒక్కసారి తోసుకొచ్చింది. ఇటు నిచ్చెన కర్ర సవరించుకుంటూ, మామూలుగా అయితే తనంతట తను పోయేదాకా ఊరుకుంటామని, ఇది ప్రాణంతో పని కాబట్టి ఇప్పుడే జాగ్రత్తగా అవతలికి లాగేస్తానని, నేను లేచి వెళ్ళి చక్కగా భోంచెయ్యొచ్చని చెబుతున్నాడు.

మా అమ్మాయి లేచి నిలబడింది. "ఏం లేదులే అమ్మా. తర్వాత చెబుతాలే," అంది.

ఆ మాట నాకు బాగా తెలుసు. దాని వాక్యాలన్నీ మా ఇంట్లో ఆ మాటతోనే ముగుస్తాయి. ఏమీ లేదంది కదా అని నేను ఎప్పుడూ నా పనిలో పడిపోయేదాన్ని. ఉందని, చాలా ఉందని, తర్వాత అన్నది ఎప్పుడూ రాలేదని ఆ బండ మీద కూర్చున్నాకే తెలిసింది.

"నువ్వు కాసేపు ఆగు నాయనా," అన్నాను నిచ్చెనతో. "అది చెప్పేది ఇంకా అవలేదు."

నిచ్చెనకి అర్థం కాలేదు. ఆంటీ, మీ కాలి పక్కన రక్తపింజర ఉంది అన్నాడు, నేను మర్చిపోయానేమోనని. తెలుసు బాబూ అన్నాను. మా అమ్మాయి మళ్ళీ మెల్లగా కూర్చుంది. పుల్ల మళ్ళీ చేతిలోకి తీసుకుంది. నాకు తోచినవి నాలుగైదు జవాబులు, అన్నీ తయారుగా ఉన్నాయి. ఒక్కటీ అందించలేదు. బస్‌స్టేషన్‌లో నాకు మెప్పు తెచ్చిన విద్యంతా అక్కడ మింగేశాను.

"ఇంట్లో ఉంటే నాకు మాటలు రావమ్మా," అంది చివరికి. "చెప్పాలనుకున్నది నాకే గుర్తుండదు. నువ్వు అన్నదే నేను అనుకున్నానేమో అనిపిస్తుంది. ఇక్కడికొచ్చాక వచ్చాయి. వాటిని మళ్ళీ పోగొట్టుకోవాలని లేదు."

నొప్పి కలిగింది. కలగలేదని ఎందుకు చెప్పాలి. పాము కాటేసినా అంత కలిగేది కాదేమో. దాంతోపాటే, నా కూతురు ఒక మాట మొదట్నించీ చివరిదాకా ఎంత తిన్నగా చెప్పగలదో మొదటిసారి విన్నాను, గర్వం కూడా కలిగింది.

ఫోన్ మళ్ళీ మోగింది. అది చేత్తో పట్టుకుని నా వైపు చూసింది. షరతు ప్రకారం చెప్పాల్సింది నేను. ఎత్తు, నీకేం చెప్పాలనుందో అదే చెప్పు అన్నాను. ఎత్తింది. రావట్లేదు మామయ్యా, ఆ కుర్చీ వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి అంది. అవతల నుంచి వాడి గొంతు నా దాకా వినిపిస్తోంది, అమ్మని పిలువు, అమ్మకివ్వు అని. అమ్మ ఇక్కడే ఉంది మామయ్యా, మాట్లాడకుండా కూర్చుంది అని చెప్పింది. కాసేపటికి, ఏ ఆసుపత్రిలో చేర్చారు అని అడిగాడు మా తమ్ముడు.

ఫోన్ పెట్టేసి నవ్వింది. నిచ్చెన నవ్వాడు. కాళ్ళు కదలకుండా నవ్వడం ఎంత కష్టమో నేను చూశాను. మేడమ్‌గారు మాత్రం నవ్వలేదు.

"ఇంకా ఉందా?" అని అడిగాను మా అమ్మాయిని.

"ఉంది. చాలా ఉంది," అంది.

"అయితే నిచ్చెనని కూర్చోమను," అన్నాను.